కాలేజీ వదిలేసి యూరప్ క్లబ్బుకి ఆడతానంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న: నమస్కారమండీ. మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. సొంతూరు తెనాలి. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, మొన్న ఏప్రిల్లో పద్దెనిమిది నిండాయి. ఆరడుగుల అయిదంగుళాల ఎత్తు. ఏడో తరగతి నుంచి వాడికి బాస్కెట్‌బాలే లోకం. టెక్సస్‌లోనే ఒక చిన్న డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) యూనివర్సిటీ ఫుల్ స్కాలర్‌షిప్ ఇస్తామంది. కానీ మొదటి ఏడాది రెడ్‌షర్ట్ అని, అంటే మ్యాచ్‌లు ఆడించరు, టీమ్‌తో ప్రాక్టీసు మాత్రమే అని కోచ్ ముందే చెప్పేశాడు. ఈలోగా ఒక టోర్నమెంట్‌లో పరిచయమైన ఏజెంట్ యూరప్‌లో ఒక రెండో డివిజన్ క్లబ్బు నుంచి కాంట్రాక్టు తెచ్చాడు. మూడు సీజన్లు, నెలకి 1,500 యూరోలు, ఉండటానికి ఫ్లాటు. మధ్యలో వదిలేస్తే 2 లక్షల యూరోలు కట్టాలట. వాట్సాప్‌లో నాలుగు పేజీల పీడీఎఫ్ పంపి, నెలాఖరులోగా సంతకం పెట్టమంటున్నాడు. వీసాకీ కాగితాలకీ అని మా దగ్గర 3,500 డాలర్లు అడుగుతున్నాడు. మావాడేమో "కాలేజీలో ఊరికే వాడుకుంటారమ్మా, అక్కడైతే ఇప్పటినుంచే ప్రొఫెషనల్‌ని, ఏడాదిలో ఎన్‌బీఏ వాళ్ళ కళ్ళల్లో పడతాను, కుదరకపోతే తిరిగొచ్చి కాలేజీలో చేరతాను" అంటాడు. మావారేమో "బంతాట కూడు పెడుతుందా, కంప్యూటర్ సైన్స్‌లో చేరు" అని ఒకటే గొడవ. ఇద్దరూ మాట్లాడుకోవడం కూడా మానేశారు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఫ్రిస్కో

సమాధానం:

అమ్మా, నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కాంట్రాక్టు మీద సంతకం పెట్టనివ్వకండి. కాలేజీ స్కాలర్‌షిప్ తీసుకోమనండి. అయితే మీవారు చెప్పే కారణంతో కాదు. మీ అబ్బాయి కోరుకుంటున్నది విదేశాల్లో ప్రొఫెషనల్‌గా ఆడి బతకడం. అది మంచి కోరికే, నిజంగా జరిగే పనే. ఏటా ఎంతోమంది అమెరికన్లు ఆ పని చేసుకుంటూ యూరప్‌లో, ఆసియాలో, ఆస్ట్రేలియాలో బతుకుతున్నారు. వాళ్ళలో చాలామంది కాలేజీలో ఆడాకే ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులో వెళ్ళారు. అందుకే నేను కాలేజీ అంటున్నది. వాడి కలకి ఆ దారే దగ్గర.

వాడి ఆలోచనకి మూలం నాకు అర్థమవుతోంది. ఒకప్పుడు హైస్కూల్ అయిపోగానే నేరుగా అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏకి వెళ్ళేవాళ్ళు. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ అలా వెళ్ళినవాళ్ళే. 2005లో లీగుకీ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన ఒప్పందంతో ఆ తలుపు మూసుకుంది. ఎన్‌బీఏ టీములు ఏటా వరసగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే కార్యక్రమాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2006 డ్రాఫ్ట్ నుంచి, ఆ సంవత్సరంలో 19 ఏళ్ళు నిండాలి, అమెరికా కుర్రాడైతే తన హైస్కూల్ బ్యాచ్ బయటికొచ్చి ఏడాది గడవాలి. మరి ఆ ఏడాది ఎక్కడ గడపాలి? కాలేజీలో ఆడితే స్కాలర్‌షిప్ తప్ప చేతికి పైసా రాని రోజులవి. టీవీ హక్కుల మీద కోట్ల డాలర్లు వచ్చిపడుతుంటే, ఆడే పిల్లాడు తను వేసుకున్న జెర్సీ అమ్ముకున్నా సస్పెండ్ చేసేవాళ్ళు. "ఊరికే వాడుకుంటారు" అని మీవాడు అంటున్న మాట ఆ రోజులకైతే అక్షరాలా నిజం. నాకూ అది చాలా అన్యాయంగానే అనిపించేది.

ఆ అన్యాయానికి ఎదురు తిరిగి మొదట వెళ్ళిన పెద్ద పేరు బ్రాండన్ జెన్నింగ్స్. 2008లో హైస్కూల్ కుర్రాళ్ళలో దేశం మొత్తం మీద అగ్రశ్రేణిలో ఉన్న పాయింట్ గార్డ్. అరిజోనా యూనివర్సిటీకి వెళ్ళాల్సినవాడు, అది మానుకుని ఇటలీలో రోమ్ క్లబ్బుతో సంతకం పెట్టాడు. డబ్బు బాగానే వచ్చింది, బూట్ల కంపెనీ ఒప్పందం అదనం. కానీ కోర్టు మీద? ఇటాలియన్ లీగులో మ్యాచ్‌కి సగటున అయిదారు పాయింట్లు, ఎక్కువసేపు బెంచీ. ఆ సీజన్‌లోనే ఒక అమెరికన్ విలేకరికి రాసిన ఈమెయిల్‌లో, జీతం టైముకి వచ్చింది ఒక్కసారేనని వాపోయాడు. 2009 డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో ఎన్‌బీఏ టీము మిల్వాకీ తీసుకుంది. ఆ నవంబర్‌లోనే గోల్డెన్ స్టేట్ టీము మీద ఒకే మ్యాచ్‌లో 55 పాయింట్లు కొట్టాడు. అంటే అంత ఆట చేతిలో ఉన్నవాణ్ణి కూడా అంతకు ముందు ఏడాది రోమ్‌లో కూర్చోబెట్టారు. మీ అబ్బాయి ఈ ఒక్క సంగతి నిదానంగా ఆలోచిస్తే చాలని నాకనిపిస్తుంది.

జెరెమీ టైలర్ కథ ఇంకా బాధాకరం. శాన్ డియాగో కుర్రాడు, ఆరడుగుల పదకొండంగుళాలు. 2009లో పన్నెండో తరగతి కూడా చదవకుండా ఇజ్రాయెల్‌లో మకబీ హైఫాకి 1,40,000 డాలర్లకి వెళ్ళాడు. ఆడే అవకాశం దొరకలేదు, కోచ్‌తో పొసగలేదు, ఇంటి మీద బెంగ. సీజన్ పూర్తవకుండానే 2010 మార్చిలో తిరిగొచ్చేశాడు. మరుసటి ఏడాది టోక్యోలో ఆడుతుంటే, 2011 మార్చి భూకంపంతో ఆ సీజన్ కూడా ఆగిపోయింది. డ్రాఫ్ట్‌లో 39వ స్థానం దక్కింది, ఎన్‌బీఏలో మాత్రం నిలదొక్కుకోలేకపోయాడు. ఎమ్మాన్యుయెల్ ముడియే 2014లో 12 లక్షల డాలర్లకి చైనాలో గ్వాంగ్‌డాంగ్ వెళ్ళాడు. చీలమండ దెబ్బతిని చాలా మ్యాచ్‌లు పోయాయి, అయినా డ్రాఫ్ట్‌లో ఏడో స్థానం వచ్చింది. వీళ్ళంతా తమ ఏడాదిలో దేశం మొత్తం మీద పేరు మోగినవాళ్ళని గుర్తుంచుకోండి. పెద్ద కాలేజీలన్నీ వెంటపడ్డవాళ్ళు.

ఇంత ఆటగాళ్ళని కూడా ఎందుకు కూర్చోబెడతారు? కోచ్‌లు చెడ్డవాళ్ళయి కాదు. యూరప్ లీగుల్లో చాలావాటిలో ఆఖరున నిలిచిన టీము కింది డివిజన్‌కి పడిపోతుంది. పడిపోతే స్పాన్సర్ పోతాడు, కోచ్ ఉద్యోగం పోతుంది. ప్రతి ఆదివారం గెలవాల్సిన మనిషికి పద్దెనిమిదేళ్ళ కుర్రాడి తప్పులు భరించే ఓపిక ఎక్కడ ఉంటుంది? దానికి తోడు మీవాడు అక్కడ విదేశీ ఆటగాడు. టీముకి ఇంతమందే విదేశీయులు అని లెక్క ఉంటుంది. ఆ కొద్ది ఖాళీల్లో క్లబ్బులు పెట్టుకునేది ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళ అనుభవస్తుల్ని. వాళ్ళ మీద గంపెడాశ పెట్టుకుంటారు, నాలుగు మ్యాచ్‌లు ఓడితే ముందు వాళ్ళనే ఇంటికి పంపిస్తారు. క్లబ్బు ఓపిగ్గా తీర్చిదిద్దేది తన అకాడమీలో పన్నెండేళ్ళ నుంచి పెరిగిన ఊరి కుర్రాళ్ళని. మీవాడు ఈ రెండింటికీ చెందడు.

ఆస్ట్రేలియా మాటేమిటి అని మీవాడు అడుగుతాడు, అడగాలి కూడా. లామెలో బాల్ 2019–20లో ఇలవారా హాక్స్‌కి ఆడి, కాలికి దెబ్బ తగిలేలోపు పన్నెండు మ్యాచ్‌లే ఆడినా డ్రాఫ్ట్‌లో మూడో స్థానంలో వెళ్ళాడు, ఆ పై ఏడాది రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు) కూడా అయ్యాడు. అయితే అక్కడ ఏర్పాటు వేరు. 2018లో ఆస్ట్రేలియా లీగు 'నెక్స్ట్ స్టార్స్' అని ఒక పథకం పెట్టింది. ఆ కుర్రాడితో లీగే ఒప్పందం చేసుకుంటుంది, అతను విదేశీయుల లెక్కలోకి రాడు. క్లబ్బుకి నష్టం లేదు కాబట్టి ఆడించే వీలుంటుంది. ఆ పథకానికి పిలిచేది డ్రాఫ్ట్‌లో పేరు వినపడే కుర్రాళ్ళనే. మీ పక్కనే లిటిల్ ఎల్మ్ హైస్కూల్ నుంచి ఆర్‌జే హ్యాంప్టన్ ఆ దారిలోనే న్యూజీలాండ్ బ్రేకర్స్‌కి వెళ్ళాడు. ఆ చుట్టుపక్కల జిమ్‌లలో ఇప్పటికీ అతని పేరు చెప్పుకుంటుంటారు, మీవాడూ వినే ఉంటాడు. అతను 2020లో 24వ స్థానంలో ఎంపికయ్యాడు. అక్కడ చేరకముందే కాన్సస్, మెంఫిస్ లాంటి కాలేజీలు అతని కోసం పోటీ పడ్డాయి. మీ అబ్బాయికి వచ్చింది ఒక చిన్న యూనివర్సిటీ ఆఫర్. అది తక్కువ సంగతేమీ కాదు. డివిజన్ వన్ స్కాలర్‌షిప్ దాకా రావడమే గొప్ప, మన పిల్లల్లో అక్కడిదాకా వచ్చేవాళ్ళు ఎంతమంది? కానీ హ్యాంప్టన్ దారి వేరు, మీవాడి దారి వేరు. ఇది వాడికి ప్రేమగా, సూటిగా చెప్పాల్సిన మాట.

ఇప్పుడు అసలు మార్పు సంగతి. జెన్నింగ్స్ వెళ్ళిపోవడానికి కారణమైన ఆ పాత నిబంధన ఇప్పుడు లేదు. 2021 జులై 1 నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఆ జులై నుంచి కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి అన్ని ఆటలకీ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. మీవాడి యూనివర్సిటీ లాంటి చిన్నచోట్ల ఇందులో వచ్చేది కొంచెమే కావచ్చు, అసలు లేకపోవచ్చు, అది కోచ్‌ని మొహమాటం లేకుండా అడగండి. కానీ గాలి ఎటు తిరిగిందో చూడండి. కాలేజీకి బదులుగా ఎన్‌బీఏ తానే తన కింది లీగు అయిన జీ లీగ్‌లో 2020లో పెట్టిన ఇగ్నైట్ టీము, జేలెన్ గ్రీన్ లాంటివాళ్ళని తయారుచేసిన టీము, 2024లో మూతపడింది. కుర్రాళ్ళకి కాలేజీల్లోనే డబ్బు దొరుకుతుంటే దాని అవసరం పోయింది. రియల్ మాడ్రిడ్‌లో పెరిగిన ఎగోర్ డ్యోమిన్ అమెరికా వచ్చి బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి ఆడి, 2025లో ఎనిమిదో స్థానంలో ఎంపికయ్యాడు. బార్సిలోనా క్లబ్బు కుర్రాడు కాస్పరాస్ యాకుచోనిస్ ఇలినాయ్‌లో ఆడి మొదటి రౌండ్‌లోనే వెళ్ళాడు. యూరప్‌లోని మేటి కుర్రాళ్ళు అక్కడ్నుంచి ఇక్కడి కాలేజీలకి వస్తుంటే, మీవాడు ఇక్కడ్నుంచి అక్కడి రెండో డివిజన్‌కి ఎందుకు?

వాడికి ఒక మనిషి గురించి చెప్పండి. మైక్ జేమ్స్. పెద్ద కాలేజీలేవీ పట్టించుకోలేదు. ముందు అరిజోనాలో ఒక జూనియర్ కాలేజీ, తర్వాత మీ టెక్సస్‌లోనే బోమాంట్‌లో ఉన్న లమార్ యూనివర్సిటీ. 2012 డ్రాఫ్ట్‌లో అతని పేరు ఎవరూ పిలవలేదు. యూరప్ వెళ్ళి కింది లీగుల్లో మొదలుపెట్టి, ఒక్కో మెట్టే ఎక్కి, అక్కడి మేటి క్లబ్బులు ఆడే యూరోలీగ్ చరిత్రలోనే అత్యధిక పాయింట్లు చేసినవాడయ్యాడు. 2024లో ఆ లీగు ఉత్తమ ఆటగాడు కూడా అతనే. ఒక చిన్న టెక్సస్ కాలేజీ నుంచి. అతను వెళ్ళేనాటికి ఒళ్ళు గట్టిపడింది, చేతిలో కాలేజీ గణాంకాలున్నాయి, క్లబ్బులకి చూపించడానికి వీడియో ఉంది. విదేశీ ఖాళీకి క్లబ్బు వెతికేది అలాంటివాణ్ణే. మీవాడు డివిజన్ వన్‌లో రెండు సీజన్లు బాగా ఆడితే, ఇప్పుడు 1,500 యూరోలు ఇస్తామన్న క్లబ్బు కన్నా పై స్థాయి క్లబ్బులు పిలుస్తాయి.

ఇక ఆ నాలుగు పేజీల కాగితం. మీ ఉత్తరంలో నాకు గుండె ఝల్లుమన్నది 3,500 డాలర్ల దగ్గర. ఏజెంటుకి రావాల్సింది ఒప్పందం కుదిరాక వచ్చే కమిషన్. యూరప్‌లో సాధారణంగా దాన్ని క్లబ్బే కడుతుంది. ముందే తల్లిదండ్రుల దగ్గర డబ్బు గుంజేవాడు పిల్లాడి ఆట అమ్మడం లేదు, మీ ఆశ అమ్ముకుంటున్నాడు. అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నాడు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా దగ్గర లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా దాని వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అతని పేరు అందులో ఉందేమో ఈ రోజే చూడండి. లేకపోతే ఇంక మాటలు అనవసరం.

పేరు ఉందనే అనుకుందాం. ఆ 2 లక్షల యూరోల షరతు చూడండి. నెలకి 1,500 ఇచ్చే క్లబ్బు, వదిలి వెళ్ళడానికి పదేళ్ళ జీతం కన్నా ఎక్కువ అడుగుతోంది. వాడు వద్దనుకుని ఇంటికి వచ్చేసినా పని అయిపోదు. ఒక దేశం నుంచి ఇంకో దేశంలో ఆడాలంటే పాత దేశపు సమాఖ్య నుంచి 'లెటర్ ఆఫ్ క్లియరెన్స్' కావాలి. కాంట్రాక్టు అమల్లో ఉందని చెప్పి దాన్ని ఆపే వీలుంది. పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి దాకా, ఆట నేర్చుకునే వయసంతా, ఆ ఒక్క కాగితానికి కట్టుబడి ఉండాలి. అదే సమయంలో క్లబ్బుకి ఉన్న బంధమేమిటో వెతకండి. అక్కడ దిగాక చేసే మెడికల్ పరీక్ష పాసైతేనే కాంట్రాక్టు చెల్లుతుందని రాస్తారు. మొదటి నెలలో ఎప్పుడైనా పంపేయొచ్చని ఉండవచ్చు. మూడు సీజన్ల జీతానికీ గ్యారంటీ ఉందా, మోకాలు పోతే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, తిరుగు టికెట్ ఎవరు కొంటారు అన్నవి లేకపోతే ఆ మూడేళ్ళ బంధం మీవాడి ఒక్కడికే. జీతం ఎగ్గొడితే వెళ్ళడానికి ఫిబా 2007లో ఏర్పాటు చేసిన ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ (తగాదాలు తీర్చే మండలి) ఉంది. కానీ తగాదా అక్కడే తేల్చుకుంటామని కాంట్రాక్టులో రాసి ఉంటేనే దాని దగ్గరికి వెళ్ళగలరు. లేకపోతే ఆ దేశం కోర్టులో, ఆ భాషలో, మీ ఖర్చుతో కొట్లాడాలి.

"కుదరకపోతే తిరిగొచ్చి కాలేజీలో చేరతాను" అన్నది ఇదివరకు బొత్తిగా కుదరని మాట. ఇప్పుడు పూర్తిగా అలా అనలేం. జీ లీగ్‌లో ఆడినవాళ్ళని కూడా 2025లో కాలేజీలు తీసుకున్నాయి. కానీ ఆ నిర్ణయాలు ఒక్కొక్కరి విషయంలో ఒక్కోలా జరుగుతున్నాయి, కోర్టు కేసులు నడుస్తున్నాయి, నిబంధనలు మారుతూనే ఉన్నాయి. ఏజెంటు నోటి మాట కాదు, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ నుంచి రాతపూర్వకంగా జవాబు ఉంటే తప్ప దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పైగా అర్హత ఇచ్చినా ఈ స్కాలర్‌షిప్ వాడి కోసం ఎదురుచూస్తూ కూర్చోదు. ఇప్పుడు కోచ్‌లు ఇతర కాలేజీల నుంచి మారి వచ్చే ఇరవై రెండేళ్ళవాళ్ళనే ఎక్కువగా తీసుకుంటున్నారు. హైస్కూల్ కుర్రాళ్ళకి ఖాళీలు తగ్గిపోతున్న కాలంలో, వీడికి ఒకటి దొరికింది.

మీవారికి ఒక మాట, మీ ద్వారా. అయ్యా, మీ అబ్బాయికి ఇప్పుడు పద్దెనిమిది. టెక్సస్‌లో చట్ట ప్రకారం మేజర్. ఆ కాంట్రాక్టు మీద మీ సంతకం అక్కర్లేదు, వాడి సంతకం చాలు. ఇంట్లో మాటలు లేకపోతే వాడు ఒంటరిగా ఆ పీడీఎఫ్ తెరిచి ఫోన్‌లోనే వేలితో సంతకం గీసేస్తాడు. "బంతాట కూడు పెడుతుందా" అన్న ప్రతిసారీ వాణ్ణి మీరే ఆ ఏజెంటు దగ్గరికి నెడుతున్నారు, ఎందుకంటే ఇప్పుడు వాడి ఆటని మెచ్చుకుంటున్న పెద్దమనిషి వాడికి అతనొక్కడే. ఆరేళ్ళు తెల్లవారుజామున లేచి జిమ్‌కి వెళ్ళి, ఫుల్ స్కాలర్‌షిప్ తెచ్చుకున్న పిల్లాడు వాడు. నాలుగేళ్ళ ఫీజు, హాస్టల్, భోజనం వాడు తన కాళ్ళతో సంపాదించాడు. ఆ మాట ఒక్కసారి వాడి ముందు పైకి అనండి. కంప్యూటర్ సైన్సో, ఇంకోటో, వాడు చదవగలిగింది చదువుతాడు. ప్రాక్టీసులకి, ప్రయాణాలకి సరిపడే కోర్సు ఎంచుకోనివ్వండి.

అమ్మా, మీరు చేయాల్సింది ఇది. వాణ్ణి కూర్చోబెట్టి "నువ్వు వెళ్ళొద్దు" అనకండి. క్లబ్బుని రెండు సంగతులు అడగమనండి. గత అయిదేళ్ళలో ఆ క్లబ్బులో ఆడిన ఇరవై ఏళ్ళలోపు అమెరికన్లు ఎవరు, మ్యాచ్‌కి ఎన్ని నిమిషాలు ఆడారు? వాళ్ళలో ఒకరి ఫోన్ నంబరు ఇస్తారా? ఆ లీగు లెక్కలు ఆన్‌లైన్‌లో ఉంటాయి, వాడే వెతుక్కోగలడు. జీతం టైముకి వచ్చేదా, డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్ళేవారు, ఓడిన రాత్రి ఫ్లాటులో ఎలా ఉండేది అని ఆ కుర్రాణ్ణి వాడే అడగాలి. మీరు చెప్తే వాడికి అమ్మ భయం అనిపిస్తుంది. అక్కడ కూర్చుని వచ్చినవాడు చెప్తే వింటాడు. జవాబు చెప్పడానికి క్లబ్బు తరఫున ఎవరూ దొరకకపోతే వాడికే అర్థమవుతుంది.

రెడ్‌షర్ట్ అన్నందుకు వాడు చిన్నబుచ్చుకున్నాడని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. అది శిక్ష కాదు. ఆడే సీజన్ ఖర్చు కాకుండా ఒక ఏడాది ఒళ్ళు పెంచుకోవడానికి ఇచ్చే గడువు. ఆ ఏడాదంతా వాడు డివిజన్ వన్ ఆటగాళ్ళతో రోజూ తలపడతాడు. వెయిట్ రూమ్, ట్రైనరు, చదువులో సాయం చేసేవాళ్ళు ఉంటారు, సీజన్‌లో వారానికి 20 గంటలకి మించి ప్రాక్టీసు చేయించకూడదని నిబంధన ఉంది. రెండో డివిజన్ క్లబ్బులో బెంచీ మీద కూర్చుంటే ఇవన్నీ దొరుకుతాయన్న నమ్మకం లేదు. మీ ముగ్గురూ కలిసి ఈ వారంలో ఆ కోచ్‌తో మాట్లాడండి. ఏడాది చివరికి వాడి బరువు ఎంత కావాలి, ఏ స్థానంలో ఆడిస్తారు, వాడి షూటింగ్ మీద ఎవరు పనిచేస్తారు, ఆ స్థానంలో ఇప్పుడున్నవాళ్ళు ఎప్పుడు బయటికి వెళ్తారు అని అడగండి. నిజంగా వాణ్ణి కోరుకున్న కోచ్ అయితే వీటికి తడుముకోడు. తడుముకుంటే, ఇంకో కాలేజీ కోసం ఒక ఏడాది ప్రెప్ స్కూల్లోనో (కాలేజీకి సిద్ధం చేసే స్కూలు) జూనియర్ కాలేజీలోనో ఆడే దారి ఉంది, దాని గురించి మళ్ళీ రాయండి, వివరంగా చెప్తాను. ఏదైనా సరే, స్కాలర్‌షిప్ ఒప్పందం కాగితం మీద చేతికి వచ్చేదాకా ఖాయం అనుకోకండి. అది వచ్చాక, ఆ ఏజెంటుకి "వద్దు" అన్న మెసేజ్ మీరు కాదు, మీ అబ్బాయే పంపాలి.